జీపులో ముందు సీటు

పళ్ళ డాక్టరుగారికి ఒక్కటే పిచ్చి. తన కుర్చీలో నోరు తెరిచిన ప్రతివాళ్ళనీ ఆఫ్రికా అడవులకి బయలుదేరదీయడం. పంటి నొప్పితో దవడ పట్టుకుని మెట్లెక్కినవాళ్ళు, దిగేటప్పుడు జీపులో ఒక సీటు సంపాదించుకుని దిగేవాళ్ళు. అదీ అలాంటిలాంటి సీటు కాదు, డ్రైవరు పక్కన, ముందు సీటు. ఒక్క జీపుకి అన్ని ముందు సీట్లు ఎలా వస్తాయని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడగడానికి నోరు ఖాళీగా ఉండాలి కదా.

ఈ వైభవాన్ని రోజూ దగ్గరుండి చూసే భాగ్యం ఆయన భార్య చెల్లెలికి దక్కింది. ఆ మరదలే క్లినిక్‌లో సహాయకురాలు. నోట్లో ఊరే నీళ్ళని సన్నని గొట్టంతో లాగెయ్యడం ఆమె పని. ఆ గొట్టం పట్టుకుని నిలబడి నిలబడి, ఆఫ్రికాలో ఏ ఏరు ఎప్పుడు ఎండుతుందో, ఏనుగులు ఏ దారిన నీళ్ళకి దిగుతాయో ఆమెకి కంఠతా వచ్చేసింది.

"పేరున్న చోట్లకి మనం వెళ్ళమండీ," అని మొదలుపెట్టేవారు డాక్టరుగారు, నోట్లో అద్దం పెడుతూ. "అక్కడ ఒక్క సింహం చుట్టూ ముప్పై జీపులు. దానికి ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టుంటుంది. మనం జనం ఎరగని చోటికి వెళ్దాం. గుడారం కావాలా, పాక కావాలా?"

"ఆఁ... ఆఁ..."

"గుడారమే మేలు. నేనూ అదే అనుకున్నాను."

ఇలా ఊళ్ళో సగం మంది గుడారానికి ఒప్పుకున్నారు. బ్యాంకు మేనేజరమ్మ ఒప్పుకుంది. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు రెండుసార్లు ఒప్పుకున్నాడు, ఆయనకి పుచ్చినవి రెండు. బట్టల కొట్టాయన ఒకరోజు పుక్కిలించడం మధ్యలో ఆపి, పులులు కూడా కనిపిస్తాయా అని ఆశగా అడిగాడు. డాక్టరుగారి మొహం వాడిపోయింది. ఆఫ్రికా అడవుల్లో పులులుండవండీ అని, ఇంకా సగం నీళ్ళున్న గ్లాసు ఆయన చేతిలోంచి తీసేసుకున్నారు.

ఎక్కడ మొదలుపెట్టినా కథ చివరికి ఒక చిత్తడి నేలకే చేరేది. జాంబియాలో బంగ్వేలు అనే చోటు. కనుచూపు మేర నీళ్ళూ, జమ్మూ. సన్నటి పడవ. జమ్ము పక్కకి తప్పుకుంటే ఎదురుగా ఛాతీ ఎత్తున ఒక బూడిదరంగు పక్షి, బూటంత ముక్కుతో. అక్కడికి వచ్చేసరికి డాక్టరుగారి గొంతు తగ్గిపోయేది. "అదుగో, బూటుముక్కు కొంగ. మనల్నే చూస్తోంది. రెప్ప వెయ్యదు. మనమూ కదలకూడదు. ఊపిరి మెల్లగా... అంతే, అలాగే." కుర్చీలో ఉన్నవాళ్ళు బిగుసుకుపోయేవాళ్ళు. ఎన్నోసారి వింటున్నా మరదలు కూడా గొట్టం పట్టుకుని ఊపిరి బిగబట్టేది. కొంగ ఎగిరిపోయేసరికి పన్ను పళ్ళెంలో ఉండేది.

ఇంతటి అడవి వీరుడు, దర్జీ పెంచుకునే బొచ్చుకుక్కకి జడిసి రోజూ వెనక వీధంతా చుట్టి క్లినిక్‌కి వచ్చేవారు. గోడ మీద బల్లి కనబడితే చీపురుతో మరదలు రావాల్సిందే, అప్పటిదాకా ఆయన వరండాలో. రేపు ఏనుగులు ఎదురొస్తే ఏం చేస్తారు బావా అని ఆమె ఏడిపించేది.

"ఏనుగు చెప్పి వస్తుంది," అనేవారాయన గంభీరంగా. "బల్లి చెప్పదు."

అలాంటి రోజుల్లో వచ్చాడు లిఫ్ట్ తాత. పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్ట్ నడిపి రిటైరైన మనిషి. ఒక్క పన్నూ సవ్యంగా లేదు. పళ్ళెంలో వరసగా పేర్చిన పనిముట్లు చూసి, కుర్చీ ఎక్కకుండానే వెనక్కి తిరిగి, జీవితంలో మొదటిసారేమో అన్నట్టు మెట్ల మీదుగా పరుగు తీశాడు. డాక్టరుగారు కిటికీలోంచి వంగి, జీపులో ముందు సీటు మీకే ఉంచాను అని కేకేశారు. తాత వీధి మధ్యలో ఆగిపోయాడు. ఏ జీపు అని అడగడానికి పైకి వచ్చాడు, కూర్చున్నాడు.

అన్ని పళ్ళూ తీసి కట్టుడు పళ్ళు అమర్చాలంటే మాటలా? తాత వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా కొత్త చోటు. సాయంత్రం పూట ఆకాశం కనబడకుండా లేచే గబ్బిలాలు. ఏటి గట్టుకి బొరియలు తవ్వుకుని కాపురముండే ఎర్ర పిట్టలు. మిగతావాళ్ళలా ఆఁ ఆఁ అనేవాడు కాదు తాత. కళ్ళు పెద్దవి చేసుకుని పైన దీపంలోకి చూస్తూ ఉండిపోయేవాడు, ఆ దీపంలోనే అన్నీ కనబడుతున్నట్టు. చివరికి పళ్ళు అమరాయి. అద్దంలో చూసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇక కనబడడనుకున్నారు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున మరదలు క్లినిక్ తలుపు తీసేసరికి తాత బయట బల్ల మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. నెత్తి మీద మట్టిరంగు టోపీ. కాళ్ళకి ఇంకా వంగని కొత్త బూట్లు. ఒళ్ళో క్యాన్వాసు సంచి. డాక్టరుగారు రాగానే లేచాడు.

"ఎప్పుడండీ బయలుదేరడం? వానలు వెనకపట్టగానే వెళ్ళాలన్నారు కదా. నీళ్ళు మరీ తగ్గితే పడవ కదలదన్నారు."

ఒక్క నిమిషం అని డాక్టరుగారు లోపలికి వచ్చి తలుపు వేసుకుని, రోగుల కుర్చీలో కూలబడ్డారు.

"మరదలా, నాకు పాస్‌పోర్టే లేదు."

ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. మరి ఇన్నేళ్ళ నుంచీ చెబుతున్నదంతా ఏమిటని అడిగింది. అప్పుడు చెప్పుకొచ్చారాయన. క్లినిక్ పెట్టిన కొత్తలో ఒకావిడ ఈ కుర్చీలోనే గడగడా వణికిపోయిందట. ఆవిణ్ణి చూసి ఈయన చేతులు కూడా వణికాయట. ఏం చెయ్యాలో తోచక, గోడ మీద క్యాలెండరులో ఉన్న ఆ కొంగ గురించి నోటికొచ్చింది చెప్పారు. ఆవిడ వణుకు ఆగింది. ఇంటికెళ్ళాక, చెప్పింది అబద్ధమేమోనని దిగులు పట్టుకుని పుస్తకాలు తెప్పించి చదివారు. చదివినకొద్దీ ఆశ్చర్యమేసింది. మరొకరికి చెప్పారు. అలా చెబుతూనే ఉన్నారు.

"ఏనుగుని తలుచుకునేవాళ్ళకి సూది గుర్తుండదు. అంతే మరదలా. అడవికి వెళ్ళే ధైర్యం నాకెక్కడిది?"

కొంగ దగ్గరికి వచ్చినప్పుడే సూది దిగేదని ఆమెకి అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళు పక్కనే నిలబడి, తనూ కొంగనే చూస్తూ ఉండిపోయింది. బావ మీద ఎంత ఇష్టం పొంగుకొచ్చిందంటే, ఏడిపించడానికి ఒక్క మాటా దొరకలేదు. కానీ బయట టోపీ పెట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. నిజం చెప్పెయ్యండి బావా, పాపం చుట్టుపక్కలంతా చెప్పుకుని వచ్చుంటాడు, ఎంత ఆలస్యమైతే అంత బాధ అంది. అదే మంచిదని ఆయన లేచారు.

నోరు తెరిచేలోపే తాత సంచిలోంచి ఒక చిన్న దిండు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది మీకేనండి. రోజంతా వంగి పనిచేసే మనిషి, జీపు కుదుపులకి నడుం పట్టేస్తుంది." తర్వాత టోపీ తీసి, మొహమాటంగా తిప్పుతూ అన్నాడు, "నా ఉద్యోగమంతా ఇంకొకళ్ళ అంతస్తులకి తలుపు తియ్యడమేనండి. నన్ను కూడా రమ్మన్నది మీరొక్కరే."

డాక్టరుగారు తన రోగుల్లాగే నోరు తెరుచుకుని ఉండిపోయారు. కాసేపటికి దిండు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చారు.

"చెప్పేశారా?" అంది మరదలు.

"పాస్‌పోర్టు కావాలంటే ఎక్కడికెళ్ళాలి?" అన్నారాయన.

సంగతి విని మరదలి అక్క ముందుగా మొగుడి నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదని తేలాక పెట్టె దించింది. జ్ఞానదంతం తీసినప్పుడు తనకీ ముందు సీటే మాటిచ్చారని గుర్తు చేసింది. ప్రయాణం ఏర్పాట్లన్నీ మరదలి నెత్తిన పడ్డాయి. దారి సరిగా లేని చోటు, ఫోను అందని చోటు, ట్రావెల్స్ వాళ్ళే ఎప్పుడూ వినని చోటు. అయినా ఆమె తడుముకోలేదు. ఏ నెలలో వెళ్ళాలో, ఎక్కడ జీపు దిగి పడవ ఎక్కాలో ఆమె చెబుతుంటే వాళ్ళు రాసుకున్నారు. టీకా వేయించుకునే రోజున మాత్రం, ఊరందరికీ సూదులు పొడిచిన డాక్టరుగారు తన వంతు రాగానే చొక్కా చెయ్యి మడవనని మొండికేశారు. అక్క మడిచింది.

అడవి దగ్గర జీపు వచ్చి ఆగితే, ముందు సీటు తాతదే అయింది. అక్క కూడా కాదనలేదు. డాక్టరుగారు వెనక సీట్లో అక్కాచెల్లెళ్ళ మధ్య దిండు గుండెలకి హత్తుకుని కూర్చున్నారు. మలుపు తిరగ్గానే ఏనుగులు. ఒకటి కాదు, దారంతా అవే. ఇంజను ఆపేశారు. ఆ పాదాలు అంత మెత్తగా పడతాయని మరదలికి ఏ కథలోనూ తెలియలేదు. తాత భుజాలు మాత్రం సన్నగా కదులుతున్నాయి, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వెనక నుంచి తెలియలేదు.

మర్నాడు చిత్తడి. పడవలో పట్టేది కొందరే కాబట్టి అక్క గట్టునే ఉండిపోయింది. గడ వేసేవాడు కాక డాక్టరుగారు, తాత, మరదలు. నీళ్ళ మీద ఆకాశం పరుచుకుని ఉంది. ఎంత దూరం వెళ్ళినా జమ్మే. ఎక్కడో నీళ్ళలో ఏదో బుస్సుమంది. డాక్టరుగారు కొయ్యబారిపోయారు. పడవ అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

తాత వెనక్కి వంగి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"కళ్ళు మూసుకోండి డాక్టరుగారూ. మనం మీ క్లినిక్‌లో ఉన్నాం. మెట్లెక్కాం. ఆకుపచ్చ కుర్చీ. పైన దీపం. చేతిలో అద్దం. గోడ మీద బల్లి లేదు, మీ మరదలు తోలేసింది. ఊపిరి మెల్లగా... అంతే, అలాగే."

వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. అప్పుడు జమ్ము పక్కకి తప్పుకుంది.

అది అక్కడ ఉంది. ఇన్నేళ్ళుగా విన్న కొంగ వేరు, ఇది వేరు. బూడిదరంగు రెక్కలు, అంత లావు ముక్కు, లేతపసుపు కన్ను. ఆ కన్ను నేరుగా వీళ్ళనే చూస్తోంది. కదలదు. రెప్ప వెయ్యదు. ఈ నేల పుట్టినప్పటి నుంచీ అక్కడే నిలబడి ఉందేమో అనిపించింది మరదలికి. తాత టోపీ తీసేశాడు.

డాక్టరుగారు కళ్ళు తెరిచారు. సరిగ్గా అప్పుడే కొంగ తన బూటంత ముక్కుని నెమ్మదిగా తెరిచింది.

ఆయన భయం ఏమైపోయిందో గాని, మెల్లగా ముందుకి వంగి, లోపలికి తొంగిచూస్తూ గొంతు తగ్గించి అన్నారు, "ఇంకొంచెం... ఇంకొంచెం పెద్దగా."

కొంగ ఇంకొంచెం తెరిచింది. తాత కొత్త పళ్ళన్నీ కనబడేలా, చప్పుడు చెయ్యకుండా, కదలకుండా నవ్వాడు.