దాపల అంటే ఏ చెయ్యి

నా చిన్నప్పుడు, ఇనప గనులున్న బచేలీలో మా క్వార్టర్‌కి అణియం, అమరం ఉండేవి. అణియం అంటే పడవ ముందు భాగం, అమరం అంటే వెనక భాగం. విశాఖ రేవులో లాంచీ నడిపే సరంగుగా ఏళ్ల తరబడి పనిచేసిన మా తాతయ్య, నాన్నమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేశాడు. సముద్రం వాసనే తెలియని ఆ ఇనప కొండల కింద, మా రెండు గదుల ఇంటిని ఆయన పడవ చేసేశాడు. వరండా అణియం, వంటిల్లు అమరం. గని డ్యూటీ దిగి వచ్చిన నాన్న ఎర్రటి దుమ్ము దులుపుకుంటూ నవ్వేవాడు. అమ్మ మాత్రం తాను కాపరానికి వచ్చింది ఇంటికి గానీ పడవకి కాదని విసుక్కునేది.

తెరచాప, చుక్కాని, లంగరు, తెడ్డు. ఈ మాటలన్నీ తాతయ్య నా ఒక్కదాని కోసమే మూటగట్టి రైల్లో తెచ్చాడని నా నమ్మకం. పక్క క్వార్టర్ పిల్ల వచ్చేదాకా ఆ నమ్మకానికి ఢోకా లేదు.

ఆ పిల్లదీ నా వయసే, పదేళ్లుంటాయి. వాళ్ల నాన్నది ఈ అడవి ప్రాంతమే. ఇంట్లో హల్బీ, బయట హిందీ, తెలుగు ముక్క రాదు. అలాంటిది తాతయ్య ఒక్కసారి తాడు ముడి వేసి చూపిస్తే, రెండోసారికి తనే వేసి చూపించేది. నేను వేసిన ముడి లాగగానే ఊడిపోయేది. "సెబాసే గుంటా" అనేవాడు తాతయ్య ఆ పిల్లని. ఆడపిల్లని ముద్దుగా పిలిచే ఆ గుంటా అన్న పిలుపు అంతవరకూ నాది. దాన్ని తీసి ఆ పిల్లకిచ్చిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆమె జడ చూస్తే మంట, ముడి చూస్తే మంట, "తాతా" అని ముద్దుగా పిలిస్తే ఒళ్లంతా మంట.

వానలు తగ్గాక తాతయ్య ఒక పని పెట్టుకున్నాడు. ఊరవతల చిన్న అడ్డుకట్ట వెనక నీళ్లు నిలిచేవి. అక్కడ చేపలు పట్టే ఆయన్ని బతిమాలి ఆదివారానికి దోనె అడిగాడు. చెట్టు మొద్దుని తొలిచి చేసిన పడవ అది. దానికి వెదురు కొయ్య నిలబెట్టి, పాత టార్పాలిన్‌తో తెరచాప కుట్టి, వెనక చుక్కాని కట్టాడు. మా ఇద్దరిలో బాగా నేర్చుకున్నవాళ్లు అమరంలో కూర్చుని చుక్కాని పట్టాలన్నాడు. రెండోవాళ్లు అణియంలో కూర్చుని దారి చూసి కేకెయ్యాలి. తెరచాప అడ్డం కాబట్టి చుక్కాని పట్టినవాళ్లకి ముందేముందో కనిపించదు. ఆ కేకే వాళ్లకి కళ్లు.

కేకలు రెండే, దాపల అంటే ఎడమ, వలపల అంటే కుడి. కాడికి కట్టిన ఎడమ ఎద్దుకీ కుడి ఎద్దుకీ వాడే మాటలే తాతయ్య పడవకీ వాడేవాడు. కుడి, ఎడమ అంటే సరిపోదా అని అడిగాను.

"నువ్విటు తిరిగితే నీ కుడి ఇటు, అటు తిరిగితే అటు. పడవలోన నీ కుడి, నా కుడి అని ఉండవే. పడవకే ఓ కుడి ఉంటాది" అన్నాడు.

శనివారం సాయంత్రం ఆ పిల్ల మా గోడ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "దాపల మానే కౌన్ సా హాథ్?" దాపల అంటే ఏ చెయ్యి అని. తాతయ్యని రెండోసారి అడగడానికి సిగ్గుపడి, నన్ను నమ్మి వచ్చింది. నేను నా కుడి చెయ్యి ఎత్తి చూపించాను. ఆమె కూడా కుడి చెయ్యి ఎత్తి, "దాపల, దాపల" అని వల్లెవేసుకుంటూ వెళ్లింది. వరండాలో తాడు పేనుతున్న తాతయ్య తలెత్తి ఆమె చేతి వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. మళ్లీ తాడు పేనడంలో పడ్డాడు. గమనించి ఉండడులే అనుకున్నాను.

మర్నాడు పొద్దున చుక్కాని ఆ పిల్లకే ఇచ్చాడు. అనుకున్నదే అయినా, దోనెలోకి విసురుగా ఎక్కాను. నేను అణియంలో కూర్చున్నాను. తాతయ్య మధ్యలో తెరచాప తాడు పట్టుకుని, గట్టు వెంబడే, నడుం లోతు నీళ్లలోనే దోనెని పోనిచ్చాడు. కాసేపటికి కుడివైపు నీళ్లలో ఒక చెట్టు మోడు కనిపించింది. పడవ ఎడమకి తిరగాలి. "దాపల!" అని గొంతు చించుకుని అరిచాను. నేను అరిచింది సరైన మాటే, ఇక నన్నెవరూ తప్పుపట్టలేరని నా ధీమా. ఆమె నేను నేర్పినట్టే కుడికి తిప్పింది. దోనె మోడుకి గుద్దుకుంది, ముగ్గురం నీళ్లలో పడ్డాం.

లేచి నిలబడి ఆ పిల్ల మోడుని చూసింది. తర్వాత నన్ను చూసింది. జరిగిందేమిటో ఆమెకి అర్థమైపోయిందని మొహంలో తెలిసింది. తాతయ్య ఏమైందని అడిగితే తల వంచుకుని, "గలతీ మేరీ హై తాతా, భూల్ గయీ" అంది. తప్పు తనదేనట, మరిచిపోయిందట.

చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే, నాకు సంతోషమేసింది. తాతయ్య దోనెలో నీళ్లు తోడిపోసి, "అయితే ఈపాలి చుక్కాని నువ్వట్టు" అని నాతో అన్నాడు. ఆమెని అణియంలోకి పంపాడు.

అమరంలో కూర్చుంటే ఎదురుగా టార్పాలిన్ తప్ప ఏమీ లేదు. అంతలో అవతల నుంచి ఆమె కేక వినిపించింది. "దాపల!"

చుక్కాని తిప్పబోయి ఆగిపోయాను. ఏ దాపల? తాతయ్య చెప్పినదా, నేను చెప్పినదా? ఆ మాటని పాడుచేసింది నేనే, ఇప్పుడది నాకే పనికిరాకుండా పోయింది. అడుగుదామంటే మధ్యలో తాతయ్య ఉన్నాడు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. సరిగ్గా అప్పుడే తెరచాప అంచు పక్కనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఇంకా నీళ్లు కారుతున్న ఎడమ చెయ్యి, అందినంత దూరం చాచి ఉంది. నేను తేల్చుకోలేనని ఆమెకి తెలుసు. ఎడమకి తిప్పాను. ఇంకో మోడు మా పక్కనుంచి వెనక్కి వెళ్లిపోయింది.

గట్టెక్కాక తాతయ్యకి ఏడుస్తూ చెప్పేశాను. ఆయన తెరచాప పిండుతూ, "నిన్ననే చూసినాను. ఓపాలి ములిగితే గాని నీకు తెల్దని నడుం లోతు కాడికే తెచ్చినాను. నాకు కాదు, దానికి చెప్పు" అన్నాడు. వచ్చిన హిందీలో చెప్పాను. ఆ పిల్ల లంగా పిండుకుంటూ అంతా విని, చుక్కాని మళ్లీ తన వంతు ఎప్పుడని మాత్రం అడిగింది.

నా ఈర్ష్య ఆ రోజుతో పోయిందంటే అబద్ధమే. మర్నాడు తాతయ్య ఆమె ముడిని మెచ్చుకుంటే మళ్లీ మండింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో తోడికోడలి మీద మండింది, పక్కింటివాళ్ల మీద మండింది. ఈ వయసులోనూ అప్పుడప్పుడూ మండుతూనే ఉంటుంది. కానీ ఎవరైనా వచ్చి దారి అడిగితే, ఎంత గిట్టనివాళ్లయినా సరే, నోటితో చెప్పి ఊరుకోను. వీధిలోకి వెళ్లి చెయ్యి కూడా చాస్తాను, వాళ్లకి బాగా కనిపించేంత దూరం.