మామ ఈల

మా మేనమామ తేనెటీగలకు ఈల వేసేవాడు. పొలం సోలార్ పార్కుకు కౌలుకిచ్చాక, గొర్రెలమ్మి తేనెపెట్టె తెచ్చుకున్నాడు. ముఖానికి వల, చేతులకు తొడుగులు, పొగడబ్బా అన్నీ కొన్నాడు. అలవాటు మాత్రం గొర్రెల్ని ఇంటికి పిలిచిన నాటిదే. పొద్దుగూకగానే తొడుగు తీసి, వల పైకెత్తి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకునేవాడు.

"ఈల వేయకుంటే యాడికన్నా పోతాయప్పా," అనేవాడు.

ఒకనాడు ఈల సగంలో ఉండగానే ఒక ఈగ పెదవి మీద కుట్టింది. మర్నాటికి పెదవి బోండాలా వాచింది. ఎంత ఊదినా ఉత్త గాలే! ఇంక ఒక్కటీ ఇల్లు చేరదని మామ దిగులుపడ్డాడు. ఈగలు మాత్రం ఎప్పటిలాగే వచ్చి పెట్టెలో దూరాయి.

"చూసినావా మామా, ఈల లేకున్నా వచ్చినాయి," అన్నాను.

"నిన్నటి ఈల ఇంకా వాటి చెవుల్లోనే ఉండాదిలేప్పా," అన్నాడు, ఆ బోండా పెదవితోనే.