మిల్లు గేటు దగ్గర కిరసనాయిలు

మా ఆయన ఏసోబు మంచివాడని ఊరంతా అంటుంది. నేను అంత మంచిదాన్ని కాదు. అందుకే ఈ సంగతి ఆయన చెప్పడు, నేను చెబుతున్నాను.

చిలకలూరిపేట దగ్గర హనుమాయమ్మ గారి పత్తి మిల్లులో నేను పుచ్చుపత్తి ఏరేదాన్ని. ఆయన ఆమె తెల్ల కారు నడిపేవాడు. తొంభై ఏడులో ఆ కారుకు రోగం పట్టుకుంది. పరిగెడుతున్నంతసేపూ బాగానే ఉండేది. ఆగితే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణికి, రైల్వే గేటు దగ్గర ఆరిపోయేది. ఎవరి మాట విన్నదో ఏమో, ఒకరోజు అన్నాల గంట కొట్టాక ఆవిడ మిల్లు గేటు దగ్గర అందరి ముందూ ఆయన్ని నిలబెట్టింది.

"పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నావురా దొంగవెధవా. తాళాలు అక్కడ పెట్టి పో."

ఆయన తాళాలు పెట్టి వచ్చేశాడు. నోట్లో నాలుక లేని మనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ పూట సగం తిన్న అన్నం గిన్నె మీద మూత పెట్టాను, నోరు మూసుకుని అదే మిల్లులో పనికి పోతూ వచ్చాను.

ఆ తర్వాత ఆయనకు ఎవరూ బండి ఇవ్వలేదు. బడిలో మా పిల్లను కిరసనాయిలు క్రిస్టీనా అనేవారు. ఆవిడను క్షమించమ్మా అన్నారు పాస్టరు గారు. పాస్టరు గారి పిల్లల్ని ఎవరూ అలా పిలవలేదు కదా, చెప్పడం తేలికే.

ఆయన గుంటూరులో గఫూర్ మేస్త్రి షెడ్డులో చేరి, ముప్పై అయిదేళ్ళ వయసులో పానాలు తుడిచాడు. నాలుగేళ్ళకు చప్పుడు విని ఇంజను రోగం చెప్పేంతవాడయ్యాడు. ఒక ఆదివారం నాతో అన్నాడు.

"కిరసనాయిలు కలిస్తే బరువు లాగేటప్పుడు టకటకా కొట్టుకుంటుందే, పొగ కక్కుతుంది. ఆగినప్పుడే వణికిందంటే ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. అప్పట్లో నాకు తెలియలేదు."

ఆ మాట నేను కొంగున ముడేసుకున్నాను.

రెండువేల ఒకటిలో హనుమాయమ్మ గారు ఆ కారు అమ్మకానికి పెట్టింది. వణికే బండి మాకొద్దని వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు. ప్లగ్గులు మార్పించింది, కార్బురేటర్ కడిగించింది, ఆగినప్పుడు ఇంజను ఆరకుండా ఉంచే ఐడిలింగ్ స్క్రూ బిగింపజేసింది. లాభం లేక గఫూర్ మేస్త్రికి కబురు పెడితే, "అది ఏసోబు చూడాల్సిన పని," అన్నాడాయన. మా ఆయన వెళ్ళనన్నాడు.

"వెళ్తావు," అన్నాను నేను. "మిల్లు గేటు దగ్గరే, అన్నాల గంటకే చేస్తానని చెప్పు."

ఆవిడ గతిలేక ఒప్పుకుంది. ఆయన బానెట్ ఎత్తి ఇంజను స్టార్ట్ చేశాడు. కారు వణకసాగింది. ముక్కు పొడవాటి నూనె డబ్బా ఒకటి తీశాడు.

"ఏంట్రా అది?" అంది హనుమాయమ్మ గారు.

"కిరసనాయిలండి. అప్పుడు పోయలేదు. ఇప్పుడు పోస్తున్నాను, అందరూ చూడండి."

ఇంజను నుంచి బ్రేకుకు పోయే రబ్బరు గొట్టం వెంట చుక్క తర్వాత చుక్క వేసుకుంటూ పోయాడు. వంపు దగ్గర చుక్క పడగానే గొట్టం దాన్ని లోపలికి లాక్కుంది, దొంగగాలి దారి మూసుకుని వణుకు ఆగింది. చుక్క ఇంకిపోయాక మళ్ళీ వణికింది. మూడుసార్లు చేసి చూపించాడు. ఇంజను ఆపి గొట్టం విప్పి వంచితే, చుక్క పడిన చోటే గోరంత చీలిక.

"కొత్త గొట్టం సంచిలో ఉందండి. ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి."

"నువ్వు కలపలేదులేరా," అని ఆవిడ నేలకేసి చూస్తూ గొణిగింది. ఆయనకు అంతే చాలు, చెయ్యి సంచిలోకి పోయింది. నాకు చాలలేదు.

"వినపడలేదండి," అన్నాను వెనక నుంచి. "ఆ రోజు రోడ్డవతల టీకొట్టు దాకా వినపడింది."

ఆవిడ తలెత్తి నన్నే చూసింది. పని పోతే పోయిందనుకుని నేనూ చూశాను.

"ఏసోబు కిరసనాయిలు కలపలేదు," అంది గట్టిగా. టీకొట్టువాడు గ్లాసులు కడగడం ఆపి ఇటు తిరిగాడు.

గొట్టం బిగించాక కారు వణకకుండా నిలబడింది. ఆయన నా దగ్గరికొచ్చి, "పాపం పెద్దావిడ, నువ్వు అంత చెయ్యాల్సింది కాదే," అన్నాడు.

నేను ఆ గేటు పక్కనే కూర్చుని గిన్నె మూత తీశాను. ఆ పూట ఒక్క మెతుకు మిగల్చలేదు.