వాగులో దిగిన మిలిట్రీ బూట్లు

నవ్వనని ఒట్టేస్తేనే చెబుతా. రెండు రోజుల్నించి ఉత్తకాళ్లతో కుంటుతున్నావేందని అడిగారుగా! అదంతా నా తెలివితేటల ఫలితమే.

నాది టీకాలేసే ఉద్యోగమని మీకు తెలుసు. వీపున సంచి, చేతిలో గొడుగు, గురజాల చుట్టుపక్కల ఊళ్లన్నీ కాలినడకే. వాన పడిందా, నల్లరేగడి చెప్పుని పట్టుకుని వదలదు. పోయిన నెల ఒక చెప్పు చేలోనే ఉండిపోయింది. ఆ రోజే పట్టుబట్టా. కొంటే బూట్లే కొనాలి, అదీ చుక్క నీరు దిగనివి!

యుద్ధం అయిపోయాక మిగిలిన మిలిట్రీ బూట్లు నరసరావుపేటలో అమ్ముతున్నారని విని బస్సెక్కా. కొట్లో మస్తాన్ భాయి మూడు జతలు ముందేశాడు. మొదటిది వేళ్లని నొక్కేసింది. రెండోది పడవ! మూడోది తొడిగితే, అబ్బ, నా కాలికే కుట్టినట్టుంది.

"నీళ్లు దిగవుగా?" అన్నా.

"వాటర్‌ప్రూఫ్ సాబ్! మిలిట్రీ మాల్!"

"మాటలొద్దు భాయ్. తొట్టి తెప్పించు."

తెప్పించాడు. చీలమండ దాకా నీళ్లు పోయించి, బూట్లతో అందులో నిలబడ్డా. పావుగంట! బజారంతా పోగైంది. "పాపం, ఏదో మొక్కున్నట్టుంది" అన్నారెవరో. నేను కదిల్తేనా? విప్పి చూస్తే లోపల పొడిపొడిగా ఉంది. కొనేశా.

ఇంటికొచ్చాక మా ఆవిడ మరియమ్మ, "రెండ్రోజులు ఇంటికాడ తొడుక్కుని తిరగరాదా? కాలికి అలవాటవుద్ది" అంది.

"తొట్టిలో పరీక్ష పెట్టి తెచ్చినవే! ఇంకేం పరీక్ష?" అని పొద్దున్నే బయల్దేరా.

వెళ్లాల్సింది వాగు అవతలి ఊరికి. టీకా అంటే చాలు, ఆ ఊరోళ్లు చేలల్లోకి పరుగే! రెండుసార్లు వెళ్లి ఒక్కరికీ వెయ్యకుండా తిరిగొచ్చా. ఈసారి మశూచి పక్కూరి దాకా వచ్చింది. ఏమైనా సరే, వేసే రావాలి.

వాగు దగ్గర బండి తోలే కోటయ్య మామ కనపడ్డాడు. "బూట్లు ఇప్పు సారూ, మోకాలి లోతుంది."

"ఇవి వాటర్‌ప్రూఫ్ మామా!" అని దిగా.

నాలుగడుగులు వేశానో లేదో, నీళ్లు పైనుంచి బూట్లలోకి దిగినయ్. దిగినవి దిగినట్టే ఉన్నయ్! వాటర్‌ప్రూఫ్ కదా, లోపలి చుక్క బయటికి పోతే ఒట్టు!

గట్టెక్కి విప్పుదామంటే తడిసిన లేసులు బిగుసుకుపోయినయ్. పళ్లతో పీకా. రాలా. నాకూ పౌరుషమొచ్చింది. ఊరు చేరాకే కూర్చుంటానని నడిచా. అడుగడుక్కీ గుళుక్, గుళుక్! రెండు మైళ్లు! మడమలు మంటెత్తిపోయినయ్.

ఊళ్లో అడుగుపెట్టగానే జనం పరుగుకి లేచారు. నా నడక చూసి ఆగిపోయారు. ఒక అరుగు మీద కూలబడి, "టీకాల సంగతి తర్వాత. ముందు ఈ బూట్లు లాగండయ్యా!" అన్నా.

కొడవలితో లేసులు కోసి, ఇద్దరు చెరో కాలు పట్టుకున్నారు. కుడికాలిది ఊడిందో లేదో, లాగినాయన వెళ్లి పేడకుప్పలో కూర్చున్నాడు! బూటులోంచి బురదనీళ్లు, వాటితోపాటు ఒక కప్పపిల్ల. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది.

నాగమ్మవ్వ అని ఒకామె ఉంది. టీకా అంటే అందరికన్నా ముందు పారిపోయేది ఆమే. తోలు ఒలుచుకుపోయిన నా మడమలు చూసి చానా నొచ్చుకుంది. నూనె, పసుపు తెచ్చి రాసింది. అప్పుడు వెనక్కి తిరిగి ఆడాళ్లని కేకేసింది.

"ఎక్కడికి పోతారే? రండి! తన బూట్లే ఇప్పుకోలేని బిడ్డ, మనల్నేం చేస్తాడు?"

ముందు తనే చెయ్యి చాపింది. పొద్దుగూకేసరికి ఊరంతటికీ టీకాలైపోయినయ్!

నిన్న మా ఆఫీసరు రిజిస్టరు చూసి భుజం తట్టాడు. "ఏం చెప్పి ఒప్పించావోయ్? తక్కినవాళ్లకీ కాస్త నేర్పు" అన్నాడు.

ఏం నేర్పను చెప్పండి? ముందు కాళ్లు ఒలుచుకుని రమ్మననా!