తూర్పుకు తిప్పిన ప్లేట్లు

మా వియ్యంకుడు పోయినాడు. మంగళవారం పొద్దున్నే కూతురు ఫోను చేసి చెప్పింది. రాగి అంబలి తాగి, చేతులు కడుక్కోని, తిన్నె మీద ఒరిగినాడంట. పిలిస్తే పలకలేదంట. మంచాన పడలేదు నాయనా, ఎవరికీ పని పెట్టలేదు అని ఏడుస్తానే చెప్పింది. ఆ మాట విన్నాక నా మనసు కొంచెం కుదురుకునింది.

ఇక్కడ తమిళంలో వియ్యంకుణ్ణి సమ్మంది అంటారు. మేము మాత్రం బావా అనే పిలుచుకుంటా ఉంటిమి. ఆయనది పెరియంపట్టి, నాది పాపారపట్టి పక్క. వయసులో మోటార్లకు వైండింగు కట్టినాడు. తర్వాత ఇండ్ల మీద సోలార్ ప్లేట్లు పెట్టే పని నేర్చుకున్నాడు. నాకు మాటలు తక్కువ. ఆయన పక్కన ఆ కొరత తెలిసేది కాదు. ఊరికే కూర్చునేవాళ్లం. ఈ తమిళ ఊర్లలో ఉండే మా తెలుగువాళ్లలో తెలుగు అక్షరాలు రానివాళ్లే ఎక్కువ కాబట్టి, ఇది చదివినవాళ్లు పక్కవాళ్లకు కూడా వినిపించండి.

మా ఇంటామెకు ఊపిరితిత్తులు చెడినాయి. ఆక్సిజన్ ఇచ్చే మిషను మంచం పక్కనే ఉంటాది. కరెంటు ఉంటేనే అది తిరిగేది. కరెంటు పోతే చిన్న సిలిండరు తగిలించాల, అదీ కొంచెం సేపటికే. అందుకని నేను ఇల్లు వదిలి ఎక్కడా నిలవలేకపోతిని. పెండ్లికి పోతే అక్షింతలు వేసి, ఆకు ముందర కూర్చోకుండానే బస్సు ఎక్కేది. చావుకు పోతే పూలమాల వేసి, పాడె లేవకముందే తిరుగు దోవ పట్టేది. ఏ ఊర్లో ఉన్నా నా చూపు ఆ ఇంటి ఫాను మీదే. అది నిలిచిందంటే మా ఇంట్లోనూ కరెంటు పోయిందేమోనని నా గుండె కూడా నిలిచినట్టే.

ఒకసారి బావ ఆమెను చూడను వచ్చినప్పుడు కరెంటు పోయి, నేను సిలిండరుతో తడబడేది ఆయన చూసినాడు. కరెంటు వచ్చినాక మిషను మీద చెయ్యి పెట్టుకోని చానాసేపు కూర్చున్నాడు.

"ఏది ఆగకూడదో నువ్వు చెప్పు బావా. మిగతాది ఆగితే ఆగనీ" అన్నాడు.

మిషను, ఒక ఫాను, ఒక లైటు అని చెప్పినాను. ఆ మూడే లోడు, వాటిని మోసేదానికి ప్లేట్లు, బ్యాటరీ, ఇన్వర్టరు పెడదాము అన్నాడు. టౌను అంగడిలో నాకు చూపించిన చిన్న ఇన్వర్టరు ఆయనకు నచ్చలేదు. మిషను తిరగతా ఉన్నప్పుడు తినే కరెంటు వేరే, మొదలయ్యేటప్పుడు గుంజే గుంజు వేరే అన్నాడు. బండెద్దు లేచేటప్పుడు పడే కష్టం నడిచేటప్పుడు పడదు చూడు, ఇన్వర్టరు ఆ లేచే కష్టాన్ని మోయాల అని చెప్పినాడు. గ్రైండరు కూడా కలపమని మా ఇంటామె అడిగితే ఒప్పుకోలేదు. రెండూ ఒకేసారి గుంజితే ఇన్వర్టరు ఆగిపోతాది, దాంతో నీ మిషనూ ఆగుతాది అన్నాడు.

"అయితే కరెంటు లేనినాడు నాకు చట్నీ లేదంటావా అన్నా?"

"బావ చేతులు ఊరికేనే ఉండాయి కదమ్మా. రోలు కడిగి పెట్టు."

ఆమె దగ్గుతానే నవ్వింది. అప్పటినుంచి చట్నీ నూరేది నేనే.

బావ మేడ మీదికి పొద్దున ఒకసారి, మాపుసారి ఒకసారి ఎక్కి, తన నీడ ఎటు పడతాదో చూసుకునేవాడు. పక్కింటి మునగచెట్టు మోకాలెత్తే ఉంటే, ఇది రెండు వానలకు మన ప్లేట్ల మీదికి వస్తాది, ఇప్పుడే వాళ్లతో మంచిగా మాట్లాడుకో అన్నాడు. ఆ మాట్లాడేది కూడా చివరికి ఆయనే మాట్లాడినాడు.

ప్లేట్లకు ఇనుప ఫ్రేము నిలబెట్టిన రోజు చిక్కు వచ్చింది. ఎటు చూస్తా ఉండాయి అని మంచం మీదినుంచి మా ఇంటామె అడిగింది. నేను ఆమె తలగడ సర్దబోయినాను. దాంతోనే ఆమెకు తెలిసిపోయింది.

"నాకు ఊపిరి పోసేది యముడి దిక్కు చూస్తా ఉంటాదా?"

బావతో పనికి వచ్చిన అల్లుడు నవ్వినాడు. ఏడాదిలో ఎక్కువనాళ్లు ఎండ దక్షిణం పక్కే నడుస్తాది, ప్లేట్లు అటే చూడాల అత్తా అని చెప్పబోయినాడు. ఆమె గోడ పక్కకు తిరిగి పడుకునింది. నాకూ లోపల అదే భయం.

బావ కొడుకును ఊరుకోమన్నాడు. గడప మీద కూర్చోని వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. తూర్పుకు తిప్పితే మధ్యాహ్నం దాటినాక రాబడి కొంచెం తగ్గుతాది, మూడు ప్లేట్ల చోట నాలుగు వేస్తే సరిపోతాది అన్నాడు. నాలుగింటిని ఆ ఇన్వర్టరు తీసుకుంటాదా అని మళ్లీ చూసుకోని, తెచ్చినదాన్ని వాపసిచ్చి దానికంటే పెద్ద సైజుది తెప్పించినాడు. అల్లుడు ఇంకా గొణుగుతా ఉంటే అప్పుడు అన్నాడు:

"భయం కూడా లోడేరా. దాన్ని లెక్కలో వేసుకోకుంటే ఆ యమ్మకు నిద్ర పట్టదు. నిద్ర లేనిదానికి మిషను ఎందుకు?"

ఫ్రేము విప్పి తూర్పుకు బిగించినారు. ఆ రాత్రి ఆమె బాగా నిద్రపోయింది. నేనూ పోయినాను.

మంగళవారం ఫోను రాగానే పక్కింటామెను కూర్చోబెట్టి పెరియంపట్టికి పోయినాను. అల్లుడి పక్కన నిలబడినాను. మధ్యాహ్నం పాడె కట్టతా ఉండగా ఇంటినుంచి ఫోను. రిపేరు పనికని నెలకొకసారి పొద్దంతా కరెంటు తీసే రోజు అదే. నాకు గుర్తే లేదు. చెప్పులు వెతుక్కుంటానే ఫోను ఎత్తినాను.

"కరెంటు పొద్దున్నే పోయింది. మిషను తిరగతానే ఉంది" అన్నది మా ఇంటామె. కొంచెం ఆగి, ఊపిరి తీసుకోని, "నువ్వు అన్న దగ్గరే ఉండు. కడదాకా ఉండు" అన్నది.

చెప్పులు అక్కడే విడిచినాను. పాడెకు భుజం పట్టినాను. చేనిదాకా నడిచినాను. అందరితోపాటు నేనూ గుంతలో మన్ను వేసినాను. తర్వాత మగవాళ్లమంతా చేని మోటారు కింద తలకు నీళ్లు పోసుకున్నాము. వాళ్లు ఒక్కొక్కరే పోతా ఉంటే నేను గట్టు మీద కూర్చున్నాను. మాపుసారి ఎండ మెల్లగా పడతా ఉంది. ఒంటిమీది తడి పంచె ఆరేదాకా, ఏ తొందరా లేకుండా, అక్కడే కూర్చున్నాను.