చింతపండుతో తోమిన మూత

లాప్‌టాప్ మొదటిసారి ఒళ్లో పెట్టుకున్న రోజు, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా బస్సులో ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. బడికీ నాకూ ఏడో తరగతిలోనే చెడింది. ఆ తర్వాత రేడియోలు విప్పి, టీవీలు విప్పి, చివరికి కంప్యూటర్ల దుకాణంలో తేలాను. ఆ లాప్‌టాప్‌కు నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటే లేదు. మా దుకాణం యజమాని పలుచని కార్డొకటి తెప్పించి దాని పక్క గాడిలోకి తోశాడు. కార్డుకు ఎలుకతోకలాంటి తీగ, తీగ కొసన కేబుల్ తగిలించే ముక్క.

“ఏ కంప్యూటర్ మీద అనుమానమొస్తే దాన్ని తీసి దీన్ని పెట్టు. జవాబొస్తే కంప్యూటర్‌ది తప్పు. రాకుంటే కంప్యూటర్ల నడుమున్న తీగది” అన్నాడు. డాక్టరు చదువు ఇంత తొందరగా అయిపోతుందని నాకు తెలియదు.

నేను వెళ్లింది పత్తి జిన్నింగ్ మిల్లుకు. గేటు గదిలో బండ్ల బరువు లెక్కించే కాటా కంప్యూటర్, లోపల ఆఫీసులో ఇంకొకటి, రెండింటి మధ్య గోడ వెంట ఒకటే నల్ల కేబుల్. దసరా మరునాడు కొనుగోళ్లు మొదలయ్యాయి. పొద్దున్నుంచి కాటా లెక్క ఆఫీసుకు చేరడం లేదు. గేటు బయట పత్తి బండ్లు రోడ్డు దాకా ఆగాయి. పైన మబ్బు కమ్ముతోంది.

ఆ మిల్లులో మా బావ వాచ్‌మన్, అక్క గదులు ఊడుస్తుంది. గేటు పక్క గదిలోనే వాళ్ల కాపురం. మిల్లు యజమాని సేటు ఎగిరెగిరి పడుతున్నాడు.

“ఎవలు చెయ్యి వెట్టిన్రో నాకు తెల్వాలె. ఇయ్యాల్నే ఆళ్ల సామాను బయట పారేస్త!”

బావ నా చెవి దగ్గరికి వచ్చాడు. “బామ్మర్దీ, గా పెట్టె పనిజేస్తదా, లేకుంటె పండ్లు వెట్టుకొచ్చినవా?”

“పండ్లయితె గీపాటికి నువ్వు తినకపోదువా బావా?”

ఆఫీసు కంప్యూటర్ తీసి లాప్‌టాప్ పెట్టాను. జవాబు లేదు. గేటు గదిలో పెట్టాను. అక్కడా లేదు. అంటే తీగది తప్పు. బల్ల కిందికి దూరి చూసి బిత్తరపోయాను. కేబుల్ కొస బోసిగా ఉంది. అలాంటి కేబుల్‌కు రెండు కొసలా బొటనవేలంత లోహపు మూత ఉండాలి. ఊరికే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, అది లేకుంటే కేబుల్ మొత్తం మూగబోతుంది.

“గీడ చిన్న మూతుండాలె. ఎవలన్న సూసిన్రా?”

గుమ్మంలో నిలబడ్డ అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నన్ను తన గదిలోకి లాక్కుపోయింది. గూట్లో దేవుడి ముందు ఇత్తడి దీపం, గేటు తాళం, కాటా రాళ్లు. వాటి నడుమ పసుపు రాసుకుని, కుంకుమ బొట్టుతో ధగధగలాడుతూ నా మూత!

“ఉత్తగనే యాలాడుతుంటె పనిలేని బిళ్ల అనుకున్న తమ్మీ. చింతపండు వెట్టి తోమిన. సూడు, ఎట్ల మెరుస్తుందో!”

వెనక్కి తిరిగితే సేటు. అతని వెనక బావ, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక సామాను బయటే అనుకున్నాను.

అక్క మాత్రం కొంగు సర్దుకుని సూటిగా చూసింది. “మీరే గద సేటూ, దసరకు మిల్లుల లోహమన్నది మెరవాలె, గోడకున్న మొల గుడ ఇడ్వద్దన్నరు. నేను ఇడ్వలే.”

సేటు నోరు తెరిచాడు. జవాబు రాలేదు. మా యజమాని లెక్క ప్రకారం అదీ తీగ తప్పే.

అక్క కొంగుతో మూత లోపల పసుపంతా తుడిచి, కేబుల్ కొసకు తిప్పి బిగించాను. లాప్‌టాప్ మీద జవాబులు ఒకదాని కింద ఒకటి పడసాగాయి. గేటు తెరుచుకుంది. మొదటి బండి కాటా ఎక్కింది. మూత పైనున్న బొట్టు కూడా తుడవబోతే సేటు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఏయ్, గది తుడ్వకు! దానితోనే నడిచింది.”

బావ నా వైపు చూశాడు. నేను నవ్వబోయి ఆగిపోయాను. సేటు నిజంగానే మూతకు దండం పెడుతున్నాడు. అక్క అప్పటికే గదిలోకి వెళ్లి పొయ్యి ముట్టించింది.