వెనక్కి నడిచే లూపు

ఎనభైల చివర్లో ఖమ్మంలోని మా ఇంజనీరింగ్ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చినప్పుడు, దాన్ని ముట్టుకోవడం నాకొక్కదానికే తెలుసు. ఆ సంగతి నేను ఎవర్నీ మరిచిపోనివ్వలేదు. చెప్పులు బయట విడవండి, తడి చేతులతో రాకండి అని నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లను కూడా అదిలించేదాన్ని. కోస్తా నుంచి సత్తుపల్లి వచ్చి స్థిరపడ్డ రైతుల పిల్లను, నోటికి తక్కువేం లేదు.

ఆ మెషీన్‌కు దొరికిన మొదటి అసలు పని, జూలూరుపాడు అవతల అడవి అంచున ఉన్న ఒక చెరువుది. దాని తూము నుంచి కాలువ తీస్తే కింది గూడెం పొలాలకు నీళ్లు అందుతాయో లేదో తేల్చాలి. అందవని తేలితే ఫైలు మూసేస్తారు, గూడెం వాన మీదే బతకాలి. సర్వే వాళ్లు నేలనంతా గళ్లుగా కొలిచారు. ఇరవై వరసలు, వరసకు పన్నెండు మేకులు, ప్రతి మేకు దగ్గరా నేల ఎత్తు.

గళ్లంటే నాకు మాట్రిక్స్, అడ్డం నిలువు వరసల్లో అంకెల పట్టిక. బయట ఒక లూపు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే చుట్టు, దాని లోపల ఇంకో లూపు. బయటి లూపులో ఐ అనే లెక్క ఒక వరసను పట్టుకుని ఉంటుంది. లోపలి లూపులో జె ఆ వరస పొడుగునా ఒక్కో గడీ చదువుకుంటూ పోతుంది. వరస అయిపోతే ఐ కిందికి దిగుతుంది, జె మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఆ తర్వాత మొత్తం మాట్రిక్స్‌లోంచి తూము ఎత్తు తీసేయడమే. తూము కంటే పల్లమైతే సున్నా, ఎత్తైతే ఇంటూ గుర్తు అచ్చవుతాయి. చేత్తో రోజుల తరబడి చేసే లెక్క టీ తాగేలోపు అయిపోయింది.

కాగితం చూస్తే, కాలువ పోవాల్సిన తూర్పు అంచున ఒక వరసలో సున్నా, తర్వాతి వరసలో ఇంటూ. కింది దాకా అదే తంతు.

"ఏందమ్మా ఇది? నీళ్లు దుంకుకుంట పోవాల్నా?" అన్నారు ఆఫీసరు గారు.

"సర్వే తప్పు సార్. ప్రోగ్రాం తప్పు కాదు," అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు.

"సోమవారం దాకా చూస్త. తేలకపోతే అందవని రాసి పంపిస్త."

మర్నాడే సర్వేయర్‌తో జీపులో వెళ్లాను. కొలత కర్ర పట్టుకుని నేలంతా తిరిగింది గూడెంలోని ఒక పెద్దాయన. కొలతలు తప్పన్న మాట ఆయన చెవిన అప్పటికే పడింది. నా వంక చూడకుండానే కర్ర తీసుకుని మొదటి వరసలో తూర్పు నుంచి పడమరకు ఒక్కో మేకు దగ్గరా నిలబడుతూ వెళ్లాడు. చివరికి వెళ్లాక రెండో వరసను ఆ పడమటి మేకు నుంచే మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, మళ్లీ తూర్పు నుంచి రావాలి కదా?" అన్నాను.

"ఒట్టిగ ఎనక్కి నడుసుడెందుకమ్మా? దున్నేటప్పుడు ఎడ్లను ఒట్టిగ ఎనక్కి తోల్కపోతమా? ఆడికాడనే మళ్లేస్తం."

సర్వేయర్ కూడా ఆయన నడిచిన క్రమంలోనే రాసుకున్నాడు. ఇదివరకు ప్లాన్ గీసే డ్రాఫ్ట్స్‌మన్‌కు ఈ అలవాటు తెలుసు కాబట్టి సరి వరసలను తిప్పి గీసుకునేవాడు. ఆయన రిటైరయ్యాడు. నా జె మాత్రం ప్రతి వరసనూ తూర్పు నుంచే చదివింది. సరి వరసలన్నీ అటుదిటు అయిపోయాయి. ఆ పెద్దాయన ఎదుట నాకు ముఖం చెల్లలేదు.

సోమవారం పొద్దున ప్రోగ్రాంలో చిన్న మార్పు చేశాను. వరస సరిసంఖ్య అయితే జె పన్నెండు నుంచి ఒకటికి వెనక్కి నడవాలి. తూర్పు అంచున పైనుంచి కింది దాకా సున్నాలే అచ్చయ్యాయి.

"సర్వే తప్పేంది మరి?" అని అడిగారు ఆఫీసరు గారు.

"తప్పు నాది సార్. వాళ్ల కొలతలు సరిగ్గానే ఉన్నాయి," అన్నాను. ఆయన నీళ్లు అందుతాయని రాసి సంతకం పెట్టారు.

కాలువ తవ్వడం పూర్తయ్యి మొదటిసారి నీళ్లు వదిలిన రోజు నేనూ వెళ్లాను. నీళ్లు తూర్పు అంచు వెంట నిదానంగా వచ్చి గూడెం చివరి మడిలోకి దిగాయి. గట్టు మీద చేరిన వాళ్లందరికీ పెద్దాయన చెయ్యి చాచి చూపిస్తున్నాడు.

"ఈ నేలంత కొలిసింది నేనే. ఒక్క మేకు తప్పుపోలే."

లెక్క ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. ఆయన నా వైపు తిరిగి, "అవునా కాదా అమ్మా?" అన్నాడు.

"అవును. ఒక్కటి కూడా తప్పుపోలేదు," అన్నాను.

నా గొప్ప నేను చెప్పుకోకుండా ఊరుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే. ఇప్పటికీ నాకు అన్నిటికంటే గర్వంగా ఉండేది కూడా దాని గురించే.